ఫోర్ట్ కొచ్చి తక్కువ ఖర్చులో చూడాలంటే ఎలా?

అందరికీ నమస్తే, వచ్చే నెల ఫ్రెండుతో కొచ్చి వెళ్తున్నా, బడ్జెట్ మరీ టైటు. ఎర్నాకుళంలో రూమ్ తీసుకుని రోజూ గవర్నమెంట్ బోటులో ఫోర్ట్ కొచ్చికి దాటడం మేలా, లేక అక్కడే ఏదైనా హోమ్‌స్టే చూసుకోవాలా? నాకైతే రెండోదే నయమనిపిస్తోంది, ఆటోల బాధ తప్పుతుంది కదా.

ఒడ్డున చేపలు పట్టే చీనా వలలు చూడ్డానికి పైసా ఖర్చు లేదు, రాళ్లు వేలాడే తాళ్లు పట్టుకుని నలుగురైదుగురు కలిసి అంత పెద్ద వలని పైకి లేపుతుంటే గంటసేపైనా చూస్తా నేను. వాస్కోడగామాని 1524లో పాతిపెట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి కూడా దగ్గరే (తర్వాత అస్థికలు పోర్చుగల్ పట్టుకుపోయారులెండి). అసలు తలనొప్పి పక్కనే ఉన్న మట్టంచేరి ఏరియాతో, డచ్ ప్యాలెస్‌లో గోడల మీద రామాయణం బొమ్మలు, 1568 నాటి యూదుల సినగాగ్ (ప్రార్థనా మందిరం) రెండూ చూడాలి కానీ ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు, సినగాగ్‌కి శనివారం సెలవు అంటున్నారు, మాకేమో వీకెండే కుదురుతుంది, మరి ఆదివారం వెళ్తే జనంతో కిక్కిరిసిపోతుందా?

ఇంకోటి, కథకళి షో టికెట్ పెట్టి చూడదగ్గదేనా? ముందే వెళ్తే మేకప్ వేసుకోవడం కూడా చూడొచ్చంటగా. వలల దగ్గర చేపలు కొని పక్కనే వండించుకుంటే చవకా, లేక టూరిస్టులని చూసి బాదేస్తారా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.