దూరాన్ని వేగంతో భాగిస్తే విమాన ప్రయాణ సమయం వచ్చేస్తుందా?

ఆకాశదారి:
రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే దూరం, సమయం చెప్పే సైట్లు బోలెడు ఉన్నాయి. చాలావాటి లెక్క సులువే. దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి, టేకాఫ్, ల్యాండింగ్ కోసం ఓ అరగంట కలుపుతాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్ సుమారు 15,300 కిలోమీటర్లు. ఈ లెక్కన పదిహేడున్నర గంటలు వస్తుంది, టైంటేబుల్లో పద్దెనిమిదిన్నర పైన ఉంటుంది. అంత దూరానికి గంట తేడా ఒక లెక్కా? మామూలు ప్రయాణికుడికి ఇది చాలు.

తూర్పుగాలి:
చాలదండీ. లండన్, న్యూయార్క్ మధ్య దూరం ఎటు నుంచి ఎటు కొలిచినా 5,500 కిలోమీటర్లే. కానీ న్యూయార్క్ వెళ్లడానికి దాదాపు 8 గంటలు, తిరిగి రావడానికి 7 గంటలు. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ ఒకవైపు వెనక నుంచి తోస్తుంది, ఇంకోవైపు ఎదురు తగులుతుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల వల్ల ఒక 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 5 గంటల లోపే చేరింది. భాగహారంలో ఈ గాలి ఎక్కడుంది?

ఆకాశదారి:
రానూపోనూ కలిపి చూస్తే గాలి ప్రభావం చెల్లిపోతుంది కదా.

తూర్పుగాలి:
పూర్తిగా చెల్లదు. 5,400 కిలోమీటర్లు, గాలి వేగం 100 అనుకోండి. గాలి లేకపోతే రానూపోనూ 12 గంటలు. గాలి ఉంటే ఒకవైపు 5 గంటల 24 నిమిషాలు, ఇంకోవైపు 6 గంటల 45. మొత్తం మీద పెరిగింది 9 నిమిషాలే, అక్కడి వరకు మీ మాట నిజం. కానీ కనెక్టింగ్ ఫ్లైట్ పట్టుకోవాల్సినవాడు సగటులో ప్రయాణం చేయడు. ఆ ఎదురుగాలి వైపు ప్రయాణమే చేస్తాడు. ముప్పావుగంట ఆలస్యమైతే టెన్షన్ అంతా అతనిదే.

రన్‌వే_09:
గాలి సంగతి అలా ఉంచండి, అసలు దారే మారిపోతే? హెల్సింకి నుంచి టోక్యో దాదాపు 7,800 కిలోమీటర్లు. రష్యా మీదుగా వెళ్లినప్పుడు తొమ్మిదిన్నర గంటలు పట్టేది. 2022లో యుద్ధం మొదలై ఆ గగనతలం మూతపడ్డాక ఫిన్లాండ్ విమానాలు చుట్టూ తిరిగి వెళ్తున్నాయి, 13 గంటల దాకా పడుతోంది. భూగోళం మీద దూరం అంగుళం కూడా మారలేదు కాబట్టి ఆ సైట్లు ఇప్పటికీ తొమ్మిది గంటల పైచిలుకే చూపిస్తాయి. ఇది చిన్న తేడా కాదు.

పైగా టైంటేబుల్లో ఉండేది గేటు నుంచి గేటుకి పట్టే సమయం. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, క్యూలో ఆగడం, దిగాక మళ్లీ గేటు చేరడం అన్నీ అందులోనే. రద్దీ విమానాశ్రయాల్లో దానికే అరగంట దాటిపోతుంది.

ఆకాశదారి:
రష్యా ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. అయినా టికెట్ కొనకముందు, ఎంత దూరమో ఒక అంచనా కావాలనుకునేవాళ్లకి ఈ లెక్క పనికొస్తుందనే అంటాను.

తూర్పుగాలి:
అంచనా అని పక్కనే రాసి, రెండు దిక్కులకీ విడివిడిగా సమయం చూపిస్తే నాకూ అభ్యంతరం లేదు. నిమిషాలతో సహా ఖచ్చితంగా ఒకే అంకె చూపిస్తున్నారు, నా గొడవంతా దాని మీదే.