సునామీ పాఠం: తొట్టిలో అల పుట్టట్లేదు, ఎవరైనా సాయం చేయండి

పల్లిపాలెం టీచర్ (రాత్రి 9:40)
నమస్కారమండీ. కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఎనిమిదో తరగతి వాళ్ళకి ఎల్లుండి సునామీ పాఠం. బోర్డు మీద బొమ్మ గీసి వదిలేస్తే "సముద్రం పొంగును" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అందుకని నీళ్ళతో చేసి చూపిద్దామనుకున్నాను. సాయంత్రం నుంచి ఇదే పని. తొట్టిలో నీళ్ళు పోసి, ఒక పక్క ఇసుకతో ఒడ్డు కట్టి, దాని మీద అగ్గిపెట్టెలతో ఇళ్ళు పెట్టాను. భూకంపం వచ్చినట్టు తొట్టిని ఊపితే నీళ్ళు కలకల్లాడిపోతున్నాయి తప్ప అల అనేదే లేదు. గట్టిగా ఊపితే ఇల్లంతా నీళ్ళు. మెల్లగా ఊపితే ఇసుక తడిసి ఊరుకుంటోంది. మా అత్తగారు నేల తుడిచి తుడిచి విసిగిపోయారు. వీడియోల్లో మాత్రం అంత చక్కగా ఎలా వస్తుందండీ? ఏం తేడా చేస్తున్నాను?

గేజ్ రీడర్ (9:52)
తొట్టి పొడవెంత? నీళ్ళ లోతెంత?

మడపిట్ట (10:05)
టీచర్ గారూ, మంచి పని తలపెట్టారు. కానీ మీ నమూనాలో ముఖ్యమైనదే లేదు. మడచెట్లు ఏవి? ఇసుక ఒడ్డు మీద నేరుగా ఇళ్ళు పెట్టేస్తే పిల్లలకు ఏం తెలుస్తుంది? కోరంగి అడవి పక్కన పెట్టుకుని మడ గురించి చెప్పకపోతే ఎలా? 2004లో తమిళనాడులో పిచ్చావరం మడ అడవుల వెనకున్న ఊళ్ళలో నష్టం తక్కువ. మన దగ్గర రొయ్యల చెరువుల కోసం మడ ఎంత నరికేశారో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. చీపురు పుల్లలు గుచ్చి మడ అడవి చేయండి. పుల్లలున్న పక్క, లేని పక్క తేడా పిల్లలే చెబుతారు. ఇంకో మాట, కాకినాడకు హోప్ ఐలాండ్ అడ్డుగా లేకపోతే

మడపిట్ట (10:06)
సగంలోనే పోస్టయిపోయింది. హోప్ ఐలాండ్ సంగతి తర్వాత వివరంగా రాస్తాను.

దివి పెద్దాయన (10:20)
అమ్మా, ఈ సునామీలు మనకెందుకమ్మా. మన పిల్లలకు ఉప్పెన చెప్పండి. 1977 నవంబరు 19, దివిసీమ. కళ్ళారా చూసినవాణ్ణి. తాటిచెట్టు పట్టుకున్నవాడు బతికాడు, వదిలినవాడు పోయాడు. మీ గోదావరి వైపు 1839లో కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది. 1996 నవంబరులో మీ కోనసీమ కొబ్బరి ఎలా పడుకుందో మీ ఇంట్లో పెద్దవాళ్ళనడగండి. రెండూ సముద్రం ఊరి మీదకు రావడమే కదా, పేరేదైతేనేం.

గేజ్ రీడర్ (10:24)
రెండూ ఒకటి కాదు.

దివి పెద్దాయన (10:31)
నీళ్ళలో మునిగేవాడికి ఒకటే నాయనా.

పల్లిపాలెం టీచర్ (10:38)
పెద్దాయన గారూ, మీ మాట కాదనను. కానీ మా పిల్లలూ ఇలాగే కలిపేస్తున్నారు. పోయిన పరీక్షలో సగం మంది "బంగాళాఖాతంలో అల్పపీడనం వల్ల సునామీ ఏర్పడును" అని రాశారు. అది విడగొట్టడానికే ఈ తిప్పలన్నీ. నా తొట్టి సంగతి ఎవరైనా చెబుతారా?

రాళ్ళ మాస్టారు (10:55)
అమ్మా, నేను కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయినవాణ్ణి. మీ పోస్టులో "ఊపితే" అన్న మాట దగ్గరే ఆగాను. భూమి ఊగినంత మాత్రాన సునామీ రాదు. సముద్రం అడుగు పైకి లేవాలి, లేదా కిందికి దిగాలి. అప్పుడు దాని మీదున్న మొత్తం నీళ్ళు, ఉపరితలం నుంచి అడుగు దాకా, ఒక్కసారిగా ఎత్తుకుంటాయి. ఆ ఎత్తు సర్దుకోవడానికి నాలుగు వైపులా పరుగెత్తేదే సునామీ. తుపాను ఉప్పెనలో గాలి పైనుంచి నీళ్ళను ఒడ్డుకు నెడుతుంది. ఇక్కడ కింది నుంచి తోపు. ఈ రెండు ముక్కలు చాలు, మీ పిల్లలు ఇంక అల్పపీడనం రాయరు.

దీనికి రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చెప్పండి. 2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర 9.1 తీవ్రత. భూమి పైపొరలో ఒక పలక కింద ఇంకో పలక దూరి, సముద్రపు అడుగు వందల కిలోమీటర్ల పొడవున లేచింది. పద్నాలుగు దేశాల్లో రెండు లక్షల మందికి పైగా పోయారు. 2012 ఏప్రిల్ 11న మళ్ళీ సుమత్రా వైపే 8.6. అదేం చిన్నది కాదు. చెన్నైలో జనం రోడ్ల మీదకొచ్చారు, హెచ్చరికలు వెళ్ళాయి. చివరికి వచ్చిన అల నామమాత్రం. ఎందుకంటే ఆసారి నేల పక్కలకు జరిగింది, లేవలేదు. మీరు ఇంట్లో చేస్తున్నది 2012 భూకంపమమ్మా!

గేజ్ రీడర్ (10:58)
తొట్టి పొడవు ఇంకా చెప్పలేదు.

పల్లిపాలెం టీచర్ (11:04)
పొడవేంటండీ, గుండ్రటి ప్లాస్టిక్ తొట్టే కదా. మా పాపకు నీళ్ళు పోసేది.

గేజ్ రీడర్ (11:06)
అదీ సంగతి.

గేజ్ రీడర్ (11:21)
గుండ్రటి దాంట్లో అల అన్ని గోడలకూ తగిలి వెనక్కొచ్చి కలిసిపోతుంది. అందుకే మీకు కలకలే. చూరు కింద వాన నీళ్ళకు పెట్టే రేకు కాలువ తీసుకోండి, అడుగు చదరంగా ఉన్నది. పది అడుగులు. రెండు చివర్లూ మూసి ఎంసీల్ పెట్టండి. నీళ్ళు అయిదు సెంటీమీటర్లు. ఒక చివర నుంచి మూడో వంతు దాకా ఇసుక వాలు, బాగా ఏటవాలుగా కాదు, సన్నగా. రెండో చివర అడుగున పాత పరీక్ష అట్ట కాలువ వెడల్పుకి కోసి పడుకోబెట్టండి. ఒక అంచు మీద రాయి, ఇంకో అంచుకి దారం. అట్ట మీదుగా పాలిథిన్ కాగితం పరిచి అంచులు టేపుతో అంటించాలి. లేకపోతే నీళ్ళు అట్ట కిందికి జారుకుంటాయి, పైన ఏమీ లేవదు. దారం రెండు వేళ్ళ ఎత్తుకు చటుక్కున లాగి అలాగే పట్టుకోండి. దించొద్దు. అల ఒడ్డు చేరడానికి నాలుగు సెకన్లు పైగా పడుతుంది, పిల్లలు చూడగలరు.

రాళ్ళ మాస్టారు (11:40)
బాగా చెప్పారు. ఆ నాలుగు సెకన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో కూడా పిల్లలతో లెక్క కట్టించండి. ఈ అల వేగం నీటి లోతు మీదే ఆధారపడుతుంది. లోతును 9.8తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. నాలుగు వేల మీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది, అంటే విమానమే. ఒడ్డు దగ్గర పది మీటర్ల లోతుకొచ్చేసరికి 36 కిలోమీటర్లు. ముందుది నెమ్మదిస్తే వెనకది వచ్చి మీద పడుతుంది, అందుకే ఎత్తు పెరుగుతుంది. నడిసముద్రంలో 2004 అలను ఉపగ్రహం కొలిస్తే అర మీటరు పైచిలుకు, అంతే. పడవలో ఉన్నవాడికి తెలియనే తెలియదు.

బోటు శీను (11:52)
అవునండి, మా వాళ్ళు కూడా అదే అంటారు, లోపలున్న బోట్లకి ఏమీ కాదని. ఇంకోటి చెప్పండి మేడమ్ పిల్లలకి. సునామీ ముందు సముద్రం వెనక్కి పోద్ది. వెనక్కి పోయిందా, పరిగెత్తడమే. పోలేదా, భయం లేదు.

రాళ్ళ మాస్టారు (11:58)
శీనూ, రెండో ముక్క మాత్రం పిల్లలకు చెప్పొద్దయ్యా, ప్రాణాల మీదకొస్తుంది. 2004లో పలక పడమటి పక్క లేచింది, తూర్పు పక్క కుంగింది. కుంగిన పక్కనున్న థాయ్‌లాండ్‌లో సముద్రం ముందు వెనక్కెళ్ళింది. లేచిన పక్క మనది, శ్రీలంకది. మనకు ముందు నీటి ఎత్తే వచ్చింది. ఆ తర్వాత అలకూ అలకూ మధ్య వెనక్కి లాగింది, చేపలు ఏరుకోవడానికి దిగినవాళ్ళు అప్పుడు పోయారు. వెనక్కెళ్తే పరుగెత్తాలి, నిజమే. వెళ్ళేదాకా చూస్తూ నిలబడకూడదు. మొదటి అలతో అయిపోదని కూడా చెప్పాలి, గంటల తరబడి వస్తూనే ఉంటాయి, మొదటిదే పెద్దదని లేదు.

బోటు శీను (మర్నాడు ఉదయం 6:15)
మరి ఎప్పుడు పరిగెత్తాలండి? సుమత్రాలో ఊగితే అంతర్వేదిలో మాకు తెలుస్తదా ఏంటి?

గేజ్ రీడర్ (6:50)
తెలియకపోవచ్చు. అందుకే హెచ్చరిక. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం ఉంది, అక్కడ 2007 అక్టోబరు నుంచి సునామీ కేంద్రం నడుస్తోంది. భూకంపం వచ్చిన పది నిమిషాల్లో మొదటి బులెటిన్. సముద్రం అడుగున ఒత్తిడి కొలిచే పరికరాలు, రేవుల్లో నీటి మట్టం కొలిచే టైడ్‌గేజ్‌లు చూశాకే నిజంగా అల పుట్టిందా లేదా తేలుతుంది. 2004లో మన వైపు ఈ ఏర్పాటేదీ లేదు. ఆరున్నరకు భూకంపం, విశాఖ టైడ్‌గేజ్‌లో అల తొమ్మిది దాటాక. రెండున్నర గంటలు చేతిలో ఉండి కూడా ఎవరికీ తెలియలేదు.

పల్లిపాలెం టీచర్ (7:05)
ఇది నాకు బాగా పనికొస్తుంది. పిల్లల్లో ఒకడు భూకంపం, ఒకడు అడుగు పరికరం, ఒకడు హైదరాబాదు, ఒకడు కలెక్టరాఫీసు, ఒకడు మా ఊరి మైకు. హెచ్చరిక చిట్టీ చేతులు మారి ఊరు చేరడానికి ఎంతసేపు పట్టిందో లెక్క చూడొచ్చు. బులెటిన్‌లో అలర్ట్ అంటే పరుగెత్తాలా?

మడపిట్ట (7:20)
అలర్టే అన్నిటికంటే పెద్దది. తుపానుకి రెడ్ అలర్ట్ అంటారు కదా.

గేజ్ రీడర్ (7:22)
తప్పు. పెద్దది వార్నింగ్.

మడపిట్ట (7:25)
టీవీలో ఎప్పుడూ అలర్ట్ అనే అంటారు.

గేజ్ రీడర్ (7:31)
టీవీ వాళ్ళ అలర్ట్ వేరు. సునామీ బులెటిన్‌లో అల రెండు మీటర్లు దాటుతుందనుకుంటే వార్నింగ్, ఊరు ఖాళీ చేయాలి. అర మీటరు నుంచి రెండు మీటర్లయితే అలర్ట్, బీచి దగ్గర ఎవరూ ఉండకూడదు. అంతకంటే తక్కువైతే వాచ్, కనిపెట్టుకుని ఉండాలి.

దివి పెద్దాయన (8:10)
ఈ ఇంగ్లీషు మూడూ మైకులో చదివితే మా ఊళ్ళో ఎవరూ కదలరు. "లేచి మేడెక్కండి" అనండి చాలు. తుపాను షెల్టరు ఎలాగూ ఉంది కదా, పిల్లల్ని ఒకసారి అక్కడిదాకా నడిపించమ్మా. తాళం ఎవరి దగ్గరుందో కూడా కనుక్కోండి. మా దగ్గర అవసరమైన రోజున తాళంచెవి ఉన్నవాడు పెళ్ళికెళ్ళాడు.

రాళ్ళ మాస్టారు (8:25)
తాళం మాట బంగారం. టీచరమ్మా, పిల్లలకు ఒక సంగతి చెప్పండి. నవంబరు 5 ప్రపంచ సునామీ అవగాహన దినం. 1854లో జపాన్‌లో హమగుచి అనే ఊరి పెద్ద, చీకట్లో జనానికి దారి తెలియడానికి వరి కుప్పలకు నిప్పు పెట్టి గుట్ట మీదకు రప్పించాడు. మీ పిల్లలకు వరి కుప్ప విలువ తెలుసు కాబట్టి ఇట్టే ఎక్కుతుంది. మనకు గుట్టల్లేవనుకోండి, ఆ షెల్టరే గుట్ట.

మడపిట్ట (9:40)
హోప్ ఐలాండ్ గురించి చెబుతానన్నాను కదా. అది గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన దిబ్బ. కాకినాడ రేవుకు అలల తాకిడి తగ్గడానికి అదే కారణం. మడ కూడా అంతే, అల జోరును

గేజ్ రీడర్ (9:44)
తగ్గిస్తుంది, ఆపదు. మడ ఉంది కదాని ఊళ్ళో కూర్చోమని మాత్రం చెప్పకండి.

మడపిట్ట (9:46)
కూర్చోమని నేనెక్కడన్నాను?

పల్లిపాలెం టీచర్ (మరుసటి రోజు సాయంత్రం 5:30)
రేకు కాలువ దొరకలేదు, మా పక్కింటి మేస్త్రీ గారు చెక్కతో తొట్టి కొట్టి లోపల టార్పాలిన్ వేసిచ్చారు. పాలిథిన్ అంటించాక అల వచ్చింది. అగ్గిపెట్టెలు మూడు వరసలూ పోయాయి, మళ్ళీ చేయమని ఒకటే గోల. చీపురు పుల్లలు కూడా గుచ్చాం మడపిట్ట గారూ. థాంక్సండీ అందరికీ. షెల్టరు తాళం పంచాయతీలో ఉందట, చూడాలి.

బోటు శీను (8:05)
మేడమ్, ఆ తొట్టి ఆదివారం మా పేటకి తేగలరా? ఆటో నేను పంపుతాను.