గల్ఫ్‌లో ఉన్న తమ్ముడి మీద వారెంటు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: పల్నాటి ఆడపడుచు

మాది నరసరావుపేట దగ్గర పల్లె. 2017లో శివరాత్రికి ప్రభ కట్టే చోట రెండు వర్గాల కుర్రవాళ్లు కొట్టుకున్నారు. ఎఫ్‌ఐఆర్‌లో ఏడుగురి పేర్లు రాశారు. మా తమ్ముడు ఏ5, అంటే ఐదో నిందితుడు. మొదట్లో వాయిదాలకు వెళ్లాడు. 2019లో కువైట్ వెళ్లాక ఇక కోర్టు మొహం చూడలేదు. మిగతా ఆరుగురి మీద కేసు కొట్టేశారని తెలిసి, ఇంట్లో అందరూ ఆ గొడవ అంతటితో ముగిసిందనే అనుకున్నారు.

మాఘంలో చెల్లి పెళ్లి. తమ్ముడు వస్తున్నాడు. ఇంతలో స్టేషన్ చుట్టూ తిరిగే ఒకాయన మా ఇంటికి వచ్చి, ‘మీవాడి మీద ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంటు) ఉంది, విమానం దిగగానే పట్టుకుంటారు, పాతిక వేలిస్తే ఆ కాగితం తీయించేస్తాను’ అని చెప్పి వెళ్లాడు. అమ్మ అప్పటి నుంచి అన్నం సరిగా తినడం లేదు, గాజులు తాకట్టు పెడదామంటోంది.

అమెరికాలో ఉన్న మా బంధువు, అక్కడ చాలా కౌంటీల్లో షెరీఫ్ వెబ్‌సైటులో పేరు కొడితే వారెంటు ఉందో లేదో కనబడుతుందని చెప్పాడు. మనకు అలాంటిది ఉందా? కోర్టు కేసుల వివరాలు చూపించే ఈ-కోర్ట్స్ సైటులో చూద్దామంటే పల్నాడు జిల్లా పేరే కనబడలేదు. తమ్ముడి పేరు కొట్టినా ఏమీ రాలేదు. నా దగ్గర ఉన్నది పాత ఎఫ్‌ఐఆర్ కాగితం ఒక్కటే.

జవాబు: విశ్రాంత కోర్టు గుమస్తా

అమ్మా, ముందు ఆ మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అమ్మగారి గాజులు అమ్మగారి చేతికే ఉండనివ్వండి. వారెంటు ఇచ్చేది కోర్టు. అమలు చేసేదాకా, లేదా అదే కోర్టు రద్దు చేసేదాకా అది బతికే ఉంటుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీలో 70వ సెక్షన్ ఇదే చెప్పింది, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో 72వ సెక్షన్ కూడా ఇదే చెబుతోంది. స్టేషన్‌లో కాగితం చింపినంత మాత్రాన కోర్టు రికార్డులో అక్షరం కూడా మారదు. ఇలా డబ్బిచ్చి, అంతా అయిపోయిందని నమ్మి, ఏళ్ల తర్వాత కోర్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చిన తల్లులను నేను కళ్లారా చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమెరికాలో మాదిరి పేరు కొడితే వారెంట్ల జాబితా చూపించే సైటు మనకు లేదు. మనం వెతకవలసింది కేసును. వారెంటు సంగతి ఆ కేసు వాయిదాల వివరాల్లో ఉంటుంది.

పల్నాడు పేరు కనబడకపోవడానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయ్యాయి గానీ, ఈ-కోర్ట్స్‌లో మన రాష్ట్రం కోర్టులు పాత 13 జిల్లాల కిందే ఉన్నాయి. మీరు గుంటూరు ఎంచుకుని, కోర్టు సముదాయాల్లో నరసరావుపేట పెట్టండి. పేరుతో కాకుండా ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతకండి. స్టేషన్ పేరు, నంబరు, 2017 ఇస్తే చాలు. కింద పెండింగ్, డిస్పోజ్డ్, బోత్ అని మూడు ఉంటాయి. తప్పకుండా ‘బోత్’ నొక్కండి.

పేరుతో వెతికితే దొరక్కపోవడం మామూలే. లక్ష్మి అనే పేరును ఇంగ్లిష్‌లో ఒక గుమస్తా ‘ఎక్స్’తో రాస్తే, మరొకరు ‘కె, ఎస్, హెచ్’తో రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పూర్తి పేరు కొట్టకుండా మధ్యలో నాలుగైదు అక్షరాలు మాత్రమే కొట్టి చూడండి. సంవత్సరం దగ్గర కూడా జాగ్రత్త. ఎఫ్‌ఐఆర్ 2017దే అయినా, ఛార్జిషీటు వేసి సి.సి. నంబరు (కోర్టు కేసుకు ఇచ్చే నంబరు) పడేసరికి 2018 అయి ఉండవచ్చు. పేరుతో వెతికేటప్పుడు రెండు సంవత్సరాలూ చూడండి.

ఇక అసలు సంగతి. ఏడుగురిలో ఒకడు రాకపోతే, మిగతా ఆరుగురి విచారణ ఆగకూడదని కోర్టు ఆ ఒక్కడి కేసును విడదీస్తుంది. దాన్నే స్ప్లిట్ అప్ అంటారు. దానికి కొత్త సి.సి. నంబరు పడుతుంది. పాత కేసు తెరిస్తే ‘డిస్పోజ్డ్’ అని, కొట్టివేత అని ఉంటుంది. ఊళ్లో చెప్పుకునేది ఆ తీర్పు గురించే. విడదీసిన కేసు మాత్రం వారెంటుతో సహా అలాగే నడుస్తూ ఉంటుంది. మనిషి ఎంతకీ దొరక్కపోతే ఎల్‌.పి.సి. అనే రిజిస్టరులోకి, అంటే దీర్ఘకాలం పెండింగులో ఉన్న కేసుల్లోకి మారుస్తారు. అలా మార్చినా వారెంటు పోదు.

కాబట్టి ఒకే ఎఫ్‌ఐఆర్ కింద రెండు నంబర్లు వస్తే రెండోదాన్ని వదలకండి. అందులో వాయిదా తేదీల పట్టిక ఉంటుంది. ఒక్కో తేదీ మీద నొక్కితే ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో చిన్న పేజీ తెరుచుకుంటుంది. అందులో ‘ఎన్‌బీడబ్ల్యూ జారీ’ అనో, ‘ఎన్‌బీడబ్ల్యూ పెండింగ్’ అనో ఒక ముక్క ఉంటే అదే మీకు కావలసిన జవాబు. ఆ కేసుకు ప్రత్యేకంగా ఉండే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు రాసి పెట్టుకోండి, ఆ తర్వాత దేనికైనా అది ఒక్కటి చాలు.

ఆన్‌లైన్‌లో దొరకకపోతే ఎఫ్‌ఐఆర్ కాగితం పట్టుకుని కోర్టుకు వెళ్లి, వకీలు ద్వారా బెంచ్ క్లర్కును అడిగించండి. పాత కేసులన్నీ కంప్యూటరులోకి సరిగా ఎక్కలేదు. రిజిస్టరులో మాత్రం ఉంటాయి.

జవాబు: జనగామ నుంచి

తెలంగాణ వాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక మాట. ఇక్కడ 2022 జూన్ 2న కొత్త జ్యుడీషియల్ జిల్లాలు, అంటే కోర్టుల జిల్లాలు వచ్చాయి. పాత వరంగల్ జిల్లా కేసైతే వరంగల్ కింద వెతికి దొరకలేదని వదిలేయకుండా కొత్త జిల్లా కింద కూడా చూడండి.

ఇంకో విషయం. వాట్సాప్‌లో సుప్రీంకోర్టు ముద్రతో ‘అరెస్టు వారెంటు’ పంపి, వీడియో కాల్‌లో కదలకుండా కూర్చోమని బెదిరించే ముఠాలు ఉన్నాయి. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. నిజమైన వారెంటు మీద కోర్టు పేరు, న్యాయాధికారి సంతకం, ముద్ర ఉంటాయి. కేసు నంబరు అడగండి, ఈ-కోర్ట్స్‌లో కొట్టి చూడండి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

జవాబు: గుంటూరు న్యాయవాది

గుమస్తా గారు చెప్పిన దాంట్లో మార్చవలసింది ఏమీ లేదు. విమానాశ్రయం సంగతి చెబుతాను. మామూలు ఎన్‌బీడబ్ల్యూ ఉన్నంత మాత్రాన ఇమిగ్రేషన్ వాళ్ల తెర మీద అది దానంతట అదే కనబడదు. జిల్లా ఎస్పీ స్థాయి అధికారి గానీ కోర్టు గానీ కోరితే లుక్ అవుట్ సర్క్యులర్, అంటే ఫలానా మనిషి కనబడితే ఆపమని ఇమిగ్రేషన్‌కు ఇచ్చే ఆదేశం జారీ అవుతుంది, అది ఉంటేనే అక్కడ ఆపుతారు. ఆ జాబితా బయటి వాళ్లకు చూపించరు. ఊళ్లో అడుగుపెట్టాక మాత్రం పోలీసులు వారెంటు అమలు చేయవచ్చు. అలా పట్టుకుంటే 24 గంటల్లోపు, ప్రయాణ సమయం మినహాయించి, కోర్టులో హాజరు పరచాలి.

దారి ఒక్కటే. మీ తమ్ముడు తనంతట తానే వకీలుతో కోర్టుకు వెళ్లి, వారెంటు రద్దు చేయమని రీకాల్ పిటిషన్ వేయాలి. కువైట్‌లో ఉద్యోగానికి సంబంధించిన కాగితాలు, పాస్‌పోర్టు మీద వచ్చి వెళ్లిన ముద్రలు జతచేస్తే, కావాలని తప్పించుకోలేదని మేజిస్ట్రేటుకు చూపించవచ్చు. సాధారణంగా కొంత జరిమానాతోనో, కొత్త జామీన్లతోనో వారెంటు రద్దు చేస్తారు. ఎలా చేస్తారన్నది మాత్రం పూర్తిగా మేజిస్ట్రేటు ఇష్టం. కోర్టు ఉండని వరుస సెలవుల ముందు రోజు దిగవద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి. రీకాల్ అయిన తర్వాత ఏ వాయిదాకైనా రాలేకపోతే వకీలు చేత గైర్హాజరు పిటిషన్ వేయించాలి. మేమంతా ఇప్పటికీ పాత సెక్షన్ నంబరుతో 317 పిటిషన్ అనే అంటాం, కొత్త చట్టంలో అది 355.

కేసు పెండింగులో ఉండగా మళ్లీ కువైట్ వెళ్లాలంటే కోర్టు అనుమతి తీసుకోండి. కోర్టు వారెంటు ఇచ్చిందని తెలిస్తే పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అధికారం పాస్‌పోర్టు చట్టం పదో సెక్షన్ కింద అధికారులకు ఉంది.

పల్నాటి ఆడపడుచు

దొరికింది! గుంటూరు, నరసరావుపేట, ఎఫ్‌ఐఆర్ నంబరు, ‘బోత్’. గుమస్తా గారు చెప్పినట్లే రెండు కేసులు వచ్చాయి. ఒకటి కొట్టేసినది. రెండోదాంట్లో తమ్ముడి పేరు ఒక్కటే ఉంది, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా. వాయిదా తేదీల మీద నొక్కుతూ పోతే అన్నింట్లోనూ ‘ఎన్‌బీడబ్ల్యూ పెండింగ్’ అనే ఉంది. భయం వేసింది, కానీ ఉన్నదేమిటో ఇప్పుడు తెలిసింది. పాతిక వేలు అడిగినాయన మళ్లీ వస్తే కేసు నంబరు నేనే చెబుతాను. ఇక వకాలత్ (వకీలును పెట్టుకునే కాగితం) సంగతి. తమ్ముడు కువైట్ నుంచి సంతకం చేసి పంపాలా?

గుంటూరు న్యాయవాది

అవసరం లేదమ్మా, దిగాక చేయవచ్చు. వకీలును మాత్రం ఇప్పుడే మాట్లాడుకుని, వారెంటు జారీ చేసిన నాటి డాకెట్ ఆర్డరు (ఆ రోజు కోర్టు రాసిన ఉత్తర్వు) నకలుకు దరఖాస్తు పెట్టించండి. స్థోమత లేకపోతే కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీని అడగండి, లేదా న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేయండి. జామీనుకు ఇద్దరిని అనుకుని, వాళ్ల ఇంటి పన్ను రసీదులు, ఆధార్ నకళ్లు ముందే తీసి ఉంచండి. పిటిషన్ వేసిన రోజే కోర్టు జామీన్లు అడిగితే, వాటికోసం పరిగెత్తడంలోనే సాయంత్రం అయిపోతుంది.