నాన్న మోకాళ్లకు అమెరికా డబ్బాలు: మ్యాడ్ కౌ భయం ఉన్నట్టా, లేనట్టా?

కాజీపేట జంక్షన్:
నాన్నకు 68. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే. డాలస్‌లో ఉండే తమ్ముడు దసరాకు వస్తూ సూట్‌కేసులో సగం డబ్బాలే తెచ్చాడు. ఒకటి గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిపిన మాత్రలు. రెండోది కాఫీలో కలుపుకునే కొలాజెన్ పొడి. మూడోది బీఫ్ ఆర్గాన్స్ క్యాప్సూల్స్, అంటే ఎండబెట్టి పొడి చేసిన కాలేయం, గుండె, కిడ్నీ. నాలుగోది గ్రంథుల పొడి అట. అడ్రినల్, పిట్యూటరీ, థైరాయిడ్ అని వరసగా రాసి, చివర్లో చిన్న అక్షరాల్లో బ్రెయిన్ అని కూడా వేశారు.

మా పక్కింట్లో ఒక రిటైర్డ్ కాంపౌండర్ ఉంటారు. డబ్బాలు చూసి "ఇదంతా ఆవు సరుకు, మ్యాడ్ కౌ వస్తది, మెదడు జల్లెడ అయితది" అన్నారు. అంతే, అమ్మ నాలుగూ బీరువాలో పెట్టి తాళం వేసింది. కొడుకు అంత దూరం నుంచి మోసుకొస్తే వాడనివ్వరా అని నాన్న అలిగారు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక మందుల షాపులో అడిగితే "అమెరికా మాల్ సార్, ఏం కాదు" అన్నాడు. అది జవాబులా అనిపించలేదు. తెలిసినవాళ్లు చెప్పండి. "డాక్టర్‌ని అడుగు" అని ఒక్క లైన్ రాసి వెళ్లిపోకండి, అడిగాం. ఆయన డబ్బాలు అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టారు.

మెడికల్ రెప్:
అన్నా, టెన్షన్ వద్దు. మ్యాడ్ కౌ అంటే ఆవుల మెదడును పాడుచేసే జబ్బు, అది 1990ల ముచ్చట. బ్రిటన్‌లో పశువులకు వచ్చింది, లక్షల్లో చంపి కాల్చేశారు, అయిపోయింది. మన దేశంలో ఒక్క పశువుకూ ఆ జబ్బు తేలలేదు. క్యాప్సూల్ మింగినందుకు మ్యాడ్ కౌ సోకిందని ఎక్కడా ఒక్క కేసు కూడా నిర్ధారణ కాలేదు. పక్కింటి పెద్దాయన మాట పట్టుకుని నాన్నను నొప్పితో ఎందుకు కూర్చోబెట్టడం?

రెడ్ సిగ్నల్:
ఈ ధీమా ఒకసారి చూసిందే. 1990లో బ్రిటన్ వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ కెమెరాల ముందు తన నాలుగేళ్ల కూతురికి బీఫ్ బర్గర్ అందించి, భయం లేదన్నారు. 1996 మార్చి 20న అదే పార్టీ ప్రభుత్వం పార్లమెంటులో నిలబడి, కుర్రవాళ్లకు వస్తున్న కొత్త రకం మెదడు జబ్బుకు ఆ ఆవుల జబ్బే కారణం కావచ్చని ఒప్పుకుంది. ఆరేళ్లు పట్టింది. ఈ జబ్బు లోపల ఏళ్ల తరబడి ఏ చప్పుడూ లేకుండా ఉంటుంది. పదేళ్ల తర్వాత బయటపడితే, ఎప్పుడో మింగిన ఏ డబ్బా వల్ల వచ్చిందో ఎవరు తేలుస్తారు? కేసు దొరకలేదంటే, పట్టుకునే దారి లేదని కూడా అనుకోవచ్చు కదా.

ఇంకోటి, "అయిపోయింది" అన్నది కూడా తప్పు. 2024 మేలో కూడా స్కాట్లాండ్‌లో ఒక ఆవుకు తేలింది.

జగిత్యాల టు దుబాయ్:
అరే భాయ్, మనోళ్లు ఆదివారం వస్తే భేజా ఫ్రై లాగిస్తరు, పొద్దుగాల పాయా తాగుతరు. అప్పుడు లేని భయం డబ్బా మీద ఇంగ్లీషు చూడంగనే వచ్చిందా?

ల్యాబ్ కోటు:
నేను కాకతీయ యూనివర్సిటీలో ఫార్మసీ చదివాను. నాలుగు డబ్బాలనూ ఒకే గాటన కట్టడం దగ్గరే ఈ చర్చ దారి తప్పుతోంది. మీ అమ్మగారూ అదే చేశారు, మెడికల్ రెప్ అన్నా అదే చేస్తున్నారు.

ఈ జబ్బుకు కారణం బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు. ప్రియాన్ అనే ప్రొటీన్. మామూలుగా మన మెదడులో ఉండేదే, కానీ దాని మడత తప్పుతుంది. మడత తప్పినది పక్కనున్న మంచివాటినీ తనలాగే మార్చుకుంటూ పోతుంది. ఈ సంగతి చెప్పిన స్టాన్లీ ప్రూసినర్‌ను మొదట్లో చాలామంది నమ్మలేదు, 1997లో నోబెల్ ఇచ్చారు. చంపడానికి అందులో ప్రాణమే లేదు కాబట్టి ఉడికిస్తే పోదు, ఫార్మలిన్‌లో నానబెట్టినా పోదు. ఎండబెట్టి పొడి కొట్టిన మెదడు విషయంలో కాంపౌండర్ గారి భయం అందుకే వట్టిది కాదు.

అయితే ఆ ప్రియాన్ పశువు ఒళ్లంతా సమానంగా ఉండదు. మెదడు, వెన్నుపాము, కళ్లు, వెన్నెముక పక్కనున్న నరాల ముడులు, టాన్సిల్స్, చిన్నపేగు చివరి భాగం, ప్రధానంగా ఉండేది వీటిలోనే. పాలలో, తోలులో, కండలో ప్రమాదకరమైన స్థాయిలో కనబడలేదు.

ఇప్పుడు డబ్బాలు చూద్దాం. గ్లూకోసమైన్ ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. ఆవుతో పనే లేదు, రొయ్యలు పడనివాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. కాండ్రాయిటిన్ ఆవు గొంతుగొట్టంలోని మెత్తటి ఎముక నుంచి రావచ్చు, పంది నుంచి, కోడి నుంచి, సొరచేప నుంచి కూడా రావచ్చు. కొలాజెన్ పొడి చాలావరకు తోలు నుంచి, లేదంటే చేప చర్మం నుంచి. క్యాప్సూల్ తొడుగు జెలటిన్. అది ఎముకల నుంచి వచ్చినా ముందు యాసిడ్‌లో, తర్వాత వారాల తరబడి సున్నంలో నానుతుంది, ఆపైన 138 డిగ్రీల దాకా వేడి చేస్తారు. అందుకే 2004లో అమెరికా ఎఫ్‌డీఏ (ఆహారం, మందుల మీద నిఘా పెట్టే సంస్థ) ప్రమాదకరమైన భాగాలను సప్లిమెంట్లలో వాడొద్దని నిషేధించినా, పద్ధతి ప్రకారం తయారైన జెలటిన్‌కు అది వర్తించదని 2016లో స్పష్టం చేసింది.

మిగిలింది నాలుగో డబ్బా. అందులో మెదడే ఉంది, పిట్యూటరీ కూడా మెదడు కింద అతుక్కుని ఉండేదే. నేనైతే మా ఇంట్లో వాడనివ్వను.

మెడికల్ రెప్:
నిషేధించారని మీరే అంటున్నారు, మళ్లీ డబ్బాలో మెదడు ఉందంటున్నారు. రెండూ ఎట్లా?

ల్యాబ్ కోటు:
నిషేధం 30 నెలలు దాటిన పశువు మెదడుకు. అంతకంటే చిన్నదైతే, లేదా జబ్బు లేదని ఎఫ్‌డీఏ ఒప్పుకున్న దేశానిదైతే వాడొచ్చు. న్యూజిలాండ్ పశువులని రాసి ఉంటే నాకూ పెద్ద అభ్యంతరం లేదు, అక్కడ ఈ జబ్బు ఎప్పుడూ తేలలేదు. కానీ అమెరికాలో 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్‌ను మందులా ముందుగా పరీక్షించి అనుమతించరు. అమ్మేవాడే బాధ్యుడు. పశువు వయసు ఎంత, ఏ దేశానిది అని డబ్బా మీద వెయ్యకపోతే మనకు తెలిసే దారేది? 2000లో అక్కడి ఒక డాక్టర్ పేరున్న వైద్య పత్రికకు రాసిన లేఖలో, ఒకే సప్లిమెంట్‌లో 17 రకాల ఆవు అవయవాలు ఉన్నాయని లెక్క చూపించాడు.

గొడ్ల డాక్టర్ (రిటైర్డ్):
దుబాయ్ తమ్ముడికి ఒక మాట. నువ్వు తినేది మేక భేజా, గొర్రె భేజా. గొర్రెలకు స్క్రేపీ అని ఇలాంటి జబ్బే ఒకటుంది, యూరప్‌లో రెండు వందల ఏళ్లకు పైగా తెలుసు. అది మనిషికి సోకినట్టు ఇప్పటిదాకా ఆధారం లేదు.

ఇక ఆవుల సంగతి. బ్రిటన్‌లో 1986లో మొదట గుర్తించిన ఈ జబ్బు దాణా వల్ల పాకింది. చచ్చిన, కోసిన పశువుల ఎముకలు, పనికిరాని మాంసం ఉడికించి పొడి చేసి, ప్రొటీన్ అని మళ్లీ దూడలకే పెట్టారు. గడ్డి తినే జంతువుకు దాని జాతి మాంసమే తినిపించారు. 1,80,000 పైగా పశువులకు జబ్బు తేలింది. 1988లో ఆ దాణా ఆపమన్నారు, అయినా అప్పటికే లోపల పెరుగుతున్న జబ్బు 1992 దాకా ఎక్కుతూనే పోయింది.

మన దగ్గర ముల్కనూరు వైపు పాలు పోసే ఏ ఇంటికైనా పోయి చూడండి. వరిగడ్డి, పచ్చిజొన్న, తవుడు, పత్తిచెక్క. మాంసం పొడి పెట్టే అలవాటే లేదు. మనది తెలివి అనను, మనకు చవకగా దొరికేది చెక్క. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2010లో భారత్‌ను నామమాత్రపు రిస్కు ఉన్న దేశాల్లో చేర్చింది. కాబట్టి మన పశువుల గురించి నాకు బెంగ లేదు. కానీ ఈ డబ్బాలోది మన పశువు కాదు కదా. "ఇండియాలో ఒక్క కేసూ లేదు" అన్న మాట ఇక్కడ అక్కరకు రాదు.

మెడికల్ రెప్:
సరే సార్, ఒప్పుకుంటాను. అయినా లెక్క చూడండి. బ్రిటన్‌లో కోట్ల మంది ఏళ్ల తరబడి ఆ మాంసం తిన్నారు. ఈ రకం జబ్బుతో చనిపోయినవాళ్లు 178 మంది. మన ఊళ్లో హెల్మెట్ లేకుండా హైవే ఎక్కేవాళ్లు క్యాప్సూల్‌కు భయపడుతున్నారు.

రెడ్ సిగ్నల్:
హెల్మెట్ సంగతి వేరే చర్చ పెట్టుకుందాం. పిట్యూటరీ అన్నారు కదా, దాని చరిత్ర వినండి. ఎత్తు పెరగని పిల్లలకు ఒకప్పుడు చనిపోయిన మనుషుల పిట్యూటరీల నుంచి తీసిన గ్రోత్ హార్మోన్ ఇచ్చేవారు. 1985లో ఆపేశారు, ఎందుకంటే ఆ పిల్లలు పెద్దయ్యాక సీజేడీ అనే, మనుషులకు వచ్చే ప్రియాన్ జబ్బుతో చనిపోవడం మొదలైంది. ప్రపంచమంతా కలిపితే 200 మందికి పైనే. అది డాక్టర్లు రాసిన మందు, ల్యాబులో శుద్ధి చేసిన మందు. ఇక్కడ శుద్ధి కూడా లేదు, ఎండబెట్టి పొడి కొట్టడమే.

ల్యాబ్ కోటు:
ఒక తేడా ఉంది. అది సూదితో ఒంట్లోకి ఎక్కించింది, పైగా మనిషిది. నోటి ద్వారా, వేరే జాతి నుంచి అయితే సోకడం చాలా కష్టం. మీ ఉదాహరణ నిజమే, కానీ దాన్ని క్యాప్సూల్ దాకా లాగడం ఎక్కువైంది. నాలుగో డబ్బా వద్దని నేనూ అంటున్నా, కారణం వేరు. ప్రమాదం చిన్నదే, కానీ ఆ డబ్బా వల్ల ఒరిగే లాభం సున్నా.

లెక్కల సార్:
మా తరానికి కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు. ఆ మందు గొర్రె మెదడుతోనే చేసేవారు. మన దేశంలో 2005 నాటికి పూర్తిగా మానేశారు. మానింది ప్రియాన్ల కోసం కాదు, కొందరికి కాళ్లూ చేతులూ పడిపోయేవి కాబట్టి. అప్పుడు ఎవరూ "జంతువు మెదడా?" అని అడగలేదు. అడిగినా చేసేదేముంది, రేబిస్ వస్తే చావే. అక్కడ పెద్ద లాభం కోసం ప్రమాదాన్ని భరించాం. మోకాళ్ల మాత్రకు అంత లాభం ఉందా?

2006లో అమెరికాలో ప్రభుత్వ డబ్బుతో 1,583 మంది మీద పరీక్ష చేశారు. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ విడివిడిగా ఇచ్చినా, కలిపి ఇచ్చినా, మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కంటే గొప్పగా ఏం తేలలేదు. నొప్పి ఎక్కువగా ఉన్న కొద్దిమందికి కలిపి ఇస్తే కొంత మేలు కనిపించింది. అంతే.

ఓరుగల్లు కోడలు:
అందరూ ప్రియాన్లంటున్నారు, మా ఇంట్లో గొడవ వేరే. మా అత్తమ్మ శుక్రవారం ఆవుకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుని, లోపలికొచ్చి కొలాజెన్ పొడి తాగుతుంది. డబ్బా మీద బోవైన్ అని ఉంది. చెప్పాలా వద్దా? మన దేశపు ప్యాకెట్ అయితే శాకాహారానికి పచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు త్రికోణం ఉంటాయి. అమెరికా డబ్బాల మీద ఏ గుర్తూ లేదు. బోవైన్ అంటే ఆవు జాతి అని తెలియనివాళ్లు ఎంతమంది తాగుతున్నారో.

జగిత్యాల టు దుబాయ్:
చెప్పక్కా, చెప్పు. తినాల్నో వద్దో ఆమె ఇష్టం. దాచిపెట్టి తాగించుడు తప్పు.

మోడరేటర్:
ఎవరేం తినాలన్న గొడవ మీద వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. ఓరుగల్లు కోడలు గారి ప్రశ్న ఉంటుంది, అది లేబుల్ గురించి కాబట్టి.

ల్యాబ్ కోటు:
అక్కా, చేప కొలాజెన్ వేరే దొరుకుతుంది. చేప కూడా వద్దనుకుంటే అసలు కొలాజెన్ అన్నదే మానాలి, మొక్కల్లో కొలాజెన్ ఉండదు.

జంక్షన్ అన్నా, ఒకటి మర్చిపోయాను. నాలుగో డబ్బాలో మ్యాడ్ కౌ కంటే ముందు భయపడాల్సింది థైరాయిడ్‌కు. 1985 ప్రాంతంలో అమెరికాలో మిన్నెసోటా, దక్షిణ డకోటా వైపు కైమాలో ఆవు థైరాయిడ్ గ్రంథి కలిసి, తిన్నవాళ్లకు గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం మొదలయ్యాయి. ఆ హార్మోన్ ఉడికించినా పనిచేస్తుంది. 68 ఏళ్ల మనిషికి గుండె లయ తప్పొచ్చు. దీనికి పదేళ్లు ఆగక్కర్లేదు, వారాల్లో తెలుస్తుంది. నాన్నగారు రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతుంటే మాత్రం గ్లూకోసమైన్ కూడా డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

కాజీపేట జంక్షన్:
అందరికీ థాంక్స్. తాళం తీయించి లేబుళ్లు మళ్లీ చదివాను. మూడో డబ్బా మీద న్యూజిలాండ్ పశువులు అని స్పష్టంగా ఉంది, మెదడు లేదు. కొలాజెన్ తోలు నుంచి అని ఉంది. నాలుగో దాని మీద కంపెనీ ఊరి పేరు తప్ప పశువు ఏ దేశానిదో ఎక్కడా లేదు. నాన్నకు వార్ఫరిన్ లేదు, బీపీ మాత్ర ఒక్కటే. మాత్రలు మూడు నెలలు వాడి చూస్తాం, తేడా లేకపోతే మానేస్తాం. కొలాజెన్ సంగతి అమ్మకు చెప్పాను, నాన్న గ్లాసు వేరే పెట్టింది. మూడోది నాన్నే వద్దన్నారు, కాలేయం తినాలంటే మేకది తింటారట. నాలుగోది వద్దని తమ్ముడికి ఫోన్ చేస్తే, దాని ఖరీదే అన్నిటికంటే ఎక్కువని వాడి బాధ.

ఇప్పుడు అమ్మ కొత్త మాట అంటోంది. ఊళ్లో మా బాబాయి వాళ్ల బర్రె ఈని నీరసంగా ఉందట, పారేసే బదులు ఆ బలం గోలీలు కుడితిలో వేద్దామా అని.

గొడ్ల డాక్టర్ (రిటైర్డ్):
తమ్మీ, ఆ డబ్బా వెంటనే ఇంట్లోంచి తీసెయ్. క్యాప్సూల్స్ విప్పి మట్టిలోనో వాడేసిన టీ పొడిలోనో కలిపి, కవర్లో గట్టిగా కట్టి చెత్త బండికి ఇవ్వు. కుక్కలకు, కోళ్లకు కూడా వెయ్యొద్దు. ఆవు మెదడు పొడిని బర్రె కుడితిలో కలపడమంటే బ్రిటన్ వాళ్లు చేసిన పనే. ఈనిన బర్రెకు క్యాల్షియం తగ్గిందేమో, మీ మండలం పశువుల దవాఖానకు ఫోన్ చేసి డాక్టర్‌ని పిలిపించమను, ఆలస్యం చేస్తే పడిపోతుంది.