కంపనాల గ్రాఫు నుంచి రాతి పారగమ్యత: 50 మిల్లీడార్సీ ఎలా వచ్చింది?

రాజోలు కుర్రాడు:
నమస్కారమండి. జియోఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతున్నాను. పండక్కి ఇంటికొచ్చి ప్రాజెక్టు ముందేసుక్కూర్చున్నా. లోతు గ్రానైట్‌లోకి నీళ్లు ఎక్కించినప్పుడు పుట్టిన చిన్న కంపనాల డేటా అది. అడ్డంగా సమయం, నిలువుగా బావి నుంచి దూరం పెట్టి చుక్కలు వేశా. చుక్కల పై అంచు మొదటి రోజు చివర 230 మీటర్ల దగ్గర, నాలుగో రోజు చివర 465 దగ్గర ఉంది. దూరం వర్గం = 4 × పై × డి × సమయం అని పెడితే విసరణ గుణకం డి (ఒత్తిడి రాతిలో ఎంత త్వరగా పాకుతుందో చెప్పేది) సెకనుకు 0.05 చదరపు మీటర్లు వచ్చింది. దాన్నుంచి పారగమ్యత, అంటే రాతిగుండా నీళ్లు ఎంత తేలిగ్గా పోతాయన్నది, కడితే 50 మిల్లీడార్సీ (పారగమ్యత కొలమానం)! గ్రానైట్‌కి అంతుంటుందా?

మా నాన్న గ్రాఫు చూసి "పక్కోడి రొయ్యల చెరువు ఊట మన చేలోకి పాకినట్టుందిరా, మొదట జోరు, తర్వాత నిదానం" అన్నారు.

పాత లాగింగ్ మనిషి:
బాబూ, డి బాగానే ఉంది. సమయం నాలుగింతలైతే దూరం రెండింతలైంది, విసరణ లక్షణమే అది. పారగమ్యత అంటే డి × నీటి స్నిగ్ధత (చిక్కదనం) × నిల్వ గుణకం (ఒత్తిడి పెరిగితే రాయి ఎంత నీరు ఇముడ్చుకుంటుందో) కదా, ఆ రెండూ ఎంత వేశావు?

రాజోలు కుర్రాడు:
స్నిగ్ధత 0.001 పాస్కల్ సెకను. నిల్వ గుణకం పాస్కల్‌కి 10⁻⁹, మన డెల్టా ఇసుక పొర మీద చేసిన పాత అసైన్‌మెంటులోంచి తీసుకున్నా.

పాత లాగింగ్ మనిషి:
ఆయ్, దొరికింది! నువ్వు వేసింది కుండలో నీళ్ల స్నిగ్ధత. 150 డిగ్రీల వేడిలో అది 0.0002కి పడిపోద్ది. ఇక గట్టి గ్రానైట్‌కి నిల్వ 10⁻¹¹ చుట్టుపక్కల వెయ్యి. ఇప్పుడు 10⁻¹⁶ చదరపు మీటర్లు, అంటే 0.1 మిల్లీడార్సీ. 500 రెట్లు తేడా! గ్రాఫు ఇచ్చేది డి ఒక్కటే, మిగతా రెండూ మనం ఊహించి వేసేవే. అందుకే జవాబు పక్కన ఆ అంచనాలు కూడా రాయాలి.

నాన్నగారి పోలిక బాగుంది గానీ ఊటలో నీళ్లే నడుస్తాయి. ఇక్కడ ముందు పరిగెత్తేది ఒత్తిడి. పక్క చేలో ఫిల్టర్ పాయింటు ఆన్ చేస్తే మన దాంట్లో మట్టం దిగుద్ది చూడు, అలాగ. ఎక్కించిన నీళ్లు 465 మీటర్లు వెళ్లాయని మాత్రం రాయకు, వైవాలో పట్టుకుంటారు.

కాకినాడ మేడం:
ఇంకొక్క మాట. జియోఫిజిక్స్ శాస్త్రవేత్త షపీరో బృందం 1997లో జర్మనీలో పరిశోధన కోసం తవ్విన కేటీబీ లోతు బావి డేటాతో ఈ పద్ధతి చూపించింది. దీంట్లో వచ్చేది పగుళ్లతో కలిపి మొత్తం రాతి మాటే, ల్యాబులో కోర్ ముక్కకి (బావిలోంచి తీసిన చిన్న రాయికి) ఇంకా తక్కువ రావచ్చు. ఒత్తిడికి పగుళ్లు విచ్చుకుంటే డి కూడా మారిపోతుంది. పంపు ఆపాక వచ్చిన చుక్కలు కూడా వేశావా? అమెరికాలో డెన్వర్ దగ్గర లోతు బావిలోకి వ్యర్థ ద్రవం ఎక్కించడం 1966 ఫిబ్రవరిలో ఆపేశారు, పెద్ద కంపనాలు 1967లో వచ్చాయి. ఆపాక బావి దగ్గర ముందు సద్దుమణిగి, ఆ నిశ్శబ్దం బయటికి పాకుతుంది. ఆ లోపలి అంచుతో డి మరోసారి కట్టి సరిచూసుకోవచ్చు.

రాజోలు కుర్రాడు:
మేడం, ఆ చుక్కలన్నీ చెత్త అనుకుని నిన్ననే తీసేశానండి. మళ్లీ వేస్తున్నా.