క్యాసినో హోస్ట్‌ని రూమ్, ఎంట్రీ, టికెట్ ఎలా అడగాలి? నా ఆటకు ఎంత విలువ కడతారు?

కొర్లగుంట:
అందరికీ నమస్కారం. ఉండేది తిరుపతి. వీలున్నప్పుడల్లా గోవా వెళ్లి మాండవి మీదున్న షిప్ క్యాసినోల్లో ఆడతాను. ఎక్కువగా బకారా (బ్యాంకర్, ప్లేయర్ అనే రెండు వైపుల్లో ఏది గెలుస్తుందో కాసే పేకాట), అదీ బ్యాంకర్ మీదే. పందెం సగటున 3,000. సాయంత్రం కూర్చుంటే ఐదు గంటలు. మెంబర్ కార్డు ఉంది, హోస్ట్ (ఆటగాళ్లకు రూమ్, ఎంట్రీ లాంటివి చూసే క్యాసినో ఉద్యోగి) నంబర్ కూడా ఉంది. పక్కన ఆడేవాళ్లకు రూమ్, ఎంట్రీ ఫ్రీగా వస్తున్నాయి, నాకు ఒక్క ఎంట్రీ కూడా మాఫీ కాలేదు. ఏం అడగాలి, ఎంతవరకు అడగొచ్చు? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

ఎయిర్ బైపాస్:
మీరు నిన్న ఎంత పోగొట్టుకున్నారన్నది హోస్ట్‌కు రెండో సంగతి. కంప్యూటర్‌లో ఆయన ముందు చూసేది థియో. అంటే మీ ఆట మీద క్యాసినోకు లెక్క ప్రకారం మిగలాల్సిన డబ్బు. సగటు పందెం × గంటకు హ్యాండ్లు (పేకలు పంచే రౌండ్లు) × ఆడిన గంటలు × హౌస్ ఎడ్జ్ (పందెంలో క్యాసినోకు లెక్క ప్రకారం మిగిలే శాతం).

మీ లెక్కే వేద్దాం. బకారాలో బ్యాంకర్ మీద హౌస్ ఎడ్జ్ 1.06 శాతం, ప్లేయర్ మీద 1.24. గంటకు 60 హ్యాండ్లు అనుకుంటే ఐదు గంటలకు 300 హ్యాండ్లు. 3,000 చొప్పున మొత్తం 9 లక్షల పందెం. అందులో 1.06 శాతం అంటే 9,540 రూపాయలు. ఇందులో మామూలుగా 20 నుంచి 40 శాతం దాకా మనకు తిరిగి ఇస్తారు. 30 శాతం వేసుకున్నా 2,862. ఒక సాయంత్రానికి మీకు రాగల కొసరు అంతే. ఎంట్రీ మాఫీ అడగండి, రూమ్‌లో తగ్గింపు అడగండి, న్యాయమే. ఈ ఆటకు ఫ్లైట్ టికెట్ అడిగితే మాత్రం హోస్ట్ మర్యాదగా మాట మార్చేస్తాడు.

ఇక మీకు ఒక్కటీ రాలేదంటే రేటింగ్ (మీ పందెం, టైమ్ రాసుకునే రికార్డు) సరిగా పడటం లేదని నా అనుమానం. కార్డు చూపించి లోపలికి పోవడం వేరు, టేబుల్ దగ్గర రేటింగ్ మొదలుపెట్టించడం వేరు. చిప్స్ ముందు పెట్టుకునే ముందే కార్డు టేబుల్ మీద పెట్టి, "రేటింగ్ పెట్టండి" అని టేబుళ్లను చూసుకునే పిట్ సూపర్‌వైజర్‌కు చెప్పాలి. ఆయన టైమ్, పందెం ఎంటర్ చేస్తాడు. చాలాసార్లు సగటు పందెం అనేది ఆయన మొదటి రెండు మూడు హ్యాండ్లు చూసి వేసే అంచనా. 1,000తో మొదలుపెట్టి అరగంట తర్వాత 5,000కు వెళ్తే రికార్డులో ఆ 1,000 దగ్గరే ఉండిపోవచ్చు. పందెం పెంచినప్పుడు ఒకసారి పిలిచి చూపించండి. టేబుల్ మారితే కొత్త టేబుల్‌లో మళ్లీ కార్డు ఇవ్వాలి, లేకపోతే అక్కడ ఆడిందంతా లెక్కలోకి రాదు. లేచేటప్పుడు, "నా సగటు ఎంత వేశారు?" అని అడగడంలో తప్పేమీ లేదు. అప్పటికప్పుడైతే సరిచేస్తారు. మర్నాడు ఫోన్ చేస్తే ఎవరికీ గుర్తుండదు.

ఇంకొకటి. నిండిన టేబుల్‌లో, పేకలు మెల్లగా తిప్పి చూసేవాళ్లు ఉన్నచోట గంటకు 40 హ్యాండ్లు కూడా పడవు. రికార్డులో మాత్రం గంటకు ఇన్ని అని ఒకే అంకె ఉంటుంది. అంటే తక్కువ హ్యాండ్లతో అదే రేటింగ్. ఖాళీ టేబుల్‌లో మీరొక్కరే కూర్చుంటే దీనికి పూర్తిగా తిరగబడుతుంది.

పలమనేరు రోడ్డు:
పై లెక్క బ్యాంకర్ ఒక్కదానికే అని గుర్తుంచుకోండి. టై (రెండు వైపులూ సమానం కావడం) మీద 8కి 1 ఇచ్చేచోట హౌస్ ఎడ్జ్ 14.36 శాతం. హ్యాండుకు 500 చొప్పున టై మీద పెడుతూ పోతే 300 హ్యాండ్లకు లక్షన్నర పందెం, లెక్క ప్రకారం పోయేది 21,540. అసలు పందెం మీద పోయేదానికి రెట్టింపు కంటే ఎక్కువ! సైడ్ బెట్లు రేటింగ్‌లో ఒక్కోసారి రాసుకోరు కూడా. రూలెట్ అయితే ఒకే సున్నా ఉన్న చక్రం మీదే ఆడండి, ఎడ్జ్ 2.7. రెండు సున్నాలుంటే 5.26. పోకర్‌లో క్యాసినో రేక్ (ఆటగాళ్ల పందేల్లోంచి కొంత వాటా) తీసుకుంటుంది కాబట్టి ఈ థియో లెక్క దానికి వర్తించదు.

కొర్లగుంట:
చాలా థ్యాంక్సన్నా. ఇన్నాళ్లూ కార్డు గేటు దగ్గర చూపిస్తే చాలనుకున్నాను. ఇంకో డౌటు. చిత్తూరులో ఒక ఏజెంటు కొలంబో ప్యాకేజీ చెప్తున్నాడు. ఐదు లక్షలు ఇక్కడే ఆయనకిస్తే చెన్నై నుంచి రానూపోనూ టికెట్లు, మూడు రాత్రులు హోటల్, తిండి, మందు అన్నీ ఫ్రీ, అక్కడ దిగగానే చిప్స్ ఇస్తారట. పోవచ్చా?

పుత్తూరు జంక్షన్:
డబ్బు ఇక్కడ ఇవ్వొద్దు. తిరుపతిలోనో చిత్తూరులోనో రూపాయలిచ్చి కొలంబోలో చిప్స్ తీసుకోవడమంటే హవాలానే, 1999 ఫెమా (విదేశీ మారక ద్రవ్యం) చట్టం కింద కేసు అవుతుంది. ఏజెంటు చేతికి డబ్బిచ్చినట్టు రసీదు ఉండదు. అక్కడ చిప్స్ తగ్గించి ఇచ్చినా మీరు ఎవరినీ నిలదీయలేరు.

"ఫ్రీ" అన్న మాట వెనక రెండు షరతులుంటాయి, రాతలో అడగండి. ఒకటి, రోజుకు కనీసం ఎన్ని గంటలు, హ్యాండుకు కనీసం ఎంత. ఉదాహరణకు రోజుకు 4 గంటలు, 10,000 తగ్గకుండా అన్నాడనుకోండి. మూడు రోజులకు 12 గంటలు, 720 హ్యాండ్లు, 72 లక్షల పందెం. బ్యాంకర్ మీదే ఆడినా లెక్క ప్రకారం 76,320 పోవాలి. చెన్నై-కొలంబో టికెట్టు, మూడు రాత్రుల హోటలు మీరే కొనుక్కుంటే ఎంతవుతుందో చూసి పక్కన పెట్టుకోండి. మీరు మామూలుగా ఆడేది 3,000. ప్యాకేజీ కోసం 10,000కు ఎక్కడమంటే మూడింతలకు పైగా ఎక్కడం. గంటలు పూర్తికాకపోతే రూమ్, టికెట్ డబ్బులు తిరిగి వసూలు చేస్తారు.

రెండోది, ఇచ్చే చిప్స్ ఎలాంటివి. నాన్ నెగోషియబుల్ చిప్స్ అయితే కౌంటర్‌లో డబ్బుగా మార్చరు. పోయేదాకా పందెంలో పెడుతూనే ఉండాలి, గెలిచింది మాత్రమే క్యాష్ చిప్స్‌గా వస్తుంది. మొదటి రోజే ఆపేద్దామన్నా ఆపే వీలుండదు.

అప్పు మీద చిప్స్ ఇస్తామంటే అసలే వద్దు. మన వైపు ఏజెంట్లు సంతకం పెట్టిన ఖాళీ చెక్కు, ప్రామిసరీ నోటు అడుగుతారు. పందెం ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్‌లో ఉంది. అయినా ఆ చెక్కు బ్యాంకులో వేసి బౌన్స్ చేయిస్తే 138 కేసు పడుతుంది, కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరే.

వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో "వీఐపీ హోస్ట్" అని వచ్చే ఆన్‌లైన్ సైట్ల జోలికి పోవద్దు. ఆంధ్రాలో ఆన్‌లైన్ పందేలు 2020 సవరణతోనే నిషేధం, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. యూపీఐకి పంపిన డబ్బు మళ్లీ రాదు.

ఎయిర్ బైపాస్:
ఏజెంటు విషయంలో పైన చెప్పిందే నా మాట కూడా. గోవా హోస్ట్‌కు ఇలా మెసేజ్ పెట్టండి, కనీసం వారం ముందు: "మెంబర్ నంబర్ ఇది. వచ్చే సోమవారం నుంచి రెండు రాత్రులు. బకారా, సగటు 3,000, రోజుకు ఐదు గంటలు. ఎంట్రీ, రూమ్ ఏం చేయగలరు?" సోమవారం నుంచి గురువారం దాకా రూమ్‌లు ఖాళీగా ఉంటాయి కాబట్టి సులువుగా ఒప్పుకుంటారు. శని, ఆదివారాలు, డిసెంబర్ చివర అడిగి లాభం లేదు. రూమ్ మీరే ట్రావెల్ సైట్‌లో బుక్ చేసుకుంటే తర్వాత హోస్ట్ మాఫీ చేయలేడు, డబ్బు ఆ సైట్‌కు వెళ్లిపోయింది కదా. ఎంట్రీ ప్యాకేజీలోనే తిండి, డ్రింకులు ఉంటాయి కాబట్టి వాటిని విడిగా అడగనక్కర్లేదు. వన్ టైమ్ ప్లే కూపన్లు (ఒక్కసారే పందెంలో పెట్టగలిగేవి) అదనంగా ఇమ్మనండి.

చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే: మొత్తం థియోను కార్డు వాడిన రోజులతో భాగించి రోజు సగటు తీస్తారు. దిగిన రాత్రి అరగంట, బయల్దేరే పొద్దున పావుగంట కార్డు పెట్టి ఆడితే ఆ రెండూ రెండు రోజుల కింద పడి సగటు పడిపోతుంది. ఆ చిన్న ఆట మానేయండి, లేదంటే కార్డు లేకుండా ఆడండి.

పన్ను సంగతి కూడా చూసుకోండి. కొనే చిప్స్ విలువ మీద జీఎస్టీ 2023 అక్టోబర్ 1 నుంచి 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40. విడిగా వసూలు చేస్తున్నారా, ధరలో కలిపేశారా అని క్యాష్ కౌంటర్‌లో ముందే అడగండి. గెలుపు మీద ఆదాయపు పన్ను నేరుగా 30 శాతం, ఓడింది అందులో తీసేయడానికి ఒప్పుకోరు.

చెప్పిన గంటలు పూర్తి చేయాలనో, పోయింది రాబట్టాలనో కూర్చుంటున్నట్టు అనిపిస్తే ఆఫర్ మెసేజ్‌లు ఆపేయమని హోస్ట్‌కే చెప్పండి, ఆపేస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

కొర్లగుంట:
ఆఖరి ప్రశ్న. హోటల్ బిల్లు కట్టేశాక అడగాలా, ముందా?

పలమనేరు రోడ్డు:
కట్టకముందే. తిన్నవీ తాగినవీ అన్నీ రూమ్ ఖాతాలో రాయించండి. ఖాళీ చేసే ముందు రాత్రి, ఆట ముగిశాక హోస్ట్‌కు ఫోన్ చేసి, "నా ఆట చూసి బిల్లులో ఎంత తీయగలరో తీయండి" అనండి చాలు. పొద్దున రిసెప్షన్‌లో అడిగితే హోస్ట్ నిద్రలో ఉంటాడు, కార్డు గీకేశాక వెనక్కి తెప్పించుకోవడం తలనొప్పి.