అప్‌డేట్: జావా 17 సర్టిఫికేషన్ పరీక్షలో ఉత్తీర్ణత

జావా ప్రోగ్రామింగ్ భాషపై ఉండే జావా ఎస్‌ఈ 17 డెవలపర్ పరీక్షకు పుస్తకం చదివితే చాలా, కోడ్ కూడా రాయాలా అని ఇంతకుముందు అడిగాను. ప్రతి అంశానికీ చిన్న ప్రోగ్రాము రాసి చూడమన్న మీ సలహా పాటించి ఉత్తీర్ణత సాధించాను, మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

నేను రాసినప్పుడు 90 నిమిషాల్లో 50 ప్రశ్నలు, ఉత్తీర్ణతకు 68 శాతం. చాలా ప్రశ్నలు కోడ్ ఇచ్చి ఫలితం అడిగేవే కనుక, కంపైలర్ (కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చే ప్రోగ్రాము) ఎక్కడ అభ్యంతరం చెబుతుందో కంటితోనే పసిగట్టే అలవాటు అన్నిటికన్నా అక్కరకొచ్చింది. సీల్డ్ క్లాసు (తన నుంచి ఏయే క్లాసులు రావచ్చో ముందే పరిమితం చేసే క్లాసు) నుంచి నేరుగా వచ్చే ప్రతి క్లాసునూ ఫైనల్, సీల్డ్, నాన్-సీల్డ్‌లలో ఏదో ఒకటిగా ప్రకటించాలన్న నియమమూ, టెర్మినల్ ఆపరేషన్ (ఫలితం రాబట్టే చివరి చర్య) లేనిదే స్ట్రీమ్‌లో (డేటాను అంచెలంచెలుగా ప్రాసెస్ చేసే వరుసలో) ఏ పనీ జరగదన్న సంగతీ చదివినప్పుడు తేలికగానే తోచాయి గానీ, కావాలని తప్పుగా రాసి ఏమవుతుందో చూశాకే మనసులో నిలిచాయి. మాక్ టెస్టులను చివరి దశకు ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. కాంకరెన్సీని (ఒకే సమయంలో పలు పనులు నడిపించే అంశాన్ని) మాత్రం ముందే మొదలుపెట్టండి.